వీఆర్ హెడ్‌సెట్ల పట్టికలో లేని మూడు గడులు

సంపాదకులు గారికి,

పండగ ఆఫర్లు మొదలవగానే పత్రికల టెక్నాలజీ పేజీల్లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ), అంటే కళ్లకు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం చూపించే హెడ్‌సెట్ల పోలిక పట్టికలు వస్తాయి. ధర, తెర రిజల్యూషన్, స్టోరేజీ, బ్యాటరీ, బరువు అనే ఐదు గడులతో పట్టిక పూర్తవుతుంది. ముఖానికి తగిలించుకుని ఇంట్లో తిరిగే ఈ పరికరాలకు సాధారణంగా నాలుగో అంతకన్నా ఎక్కువో కెమెరాలుంటాయి, మైకు ఉంటుంది. అది ఎవరి ఖాతాతో తెరుచుకుంటుంది, ఏయే సెన్సర్లు ఉన్నాయి, భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయి అనే మూడు గడులు మాత్రం కనిపించవు. గోప్యత గురించి రాసినా, చివర్లో ‘సెట్టింగుల్లో మార్చుకోవచ్చు’ అన్న ముక్కతో సరిపెడతారు. వీఆర్‌లో గోప్యత చాలావరకు కొనే రోజే తేలిపోతుంది. సెట్టింగుల్లో మార్చుకోగలిగింది ఆ తర్వాత తక్కువే. అందుకే ఈ ఉత్తరం.

ముందు బాగా చవకవాటి సంగతి. కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో వెయ్యి, పదిహేను వందలకు దొరికే వీఆర్ బాక్స్ రెండు భూతద్దాలున్న ప్లాస్టిక్ డబ్బా, అంతే. ఫోన్ అందులో పెట్టుకోవాలి. గూగుల్ 2014లో అట్టపెట్టెతో మొదలుపెట్టి, 2021లో అమ్మకం ఆపేసిన పద్ధతే ఇది. జియో 2023 ఐపీఎల్ సమయంలో 1,299 రూపాయలకు తెచ్చిన జియోడైవ్ కూడా ఈ కోవదే. 4.7 నుంచి 6.7 అంగుళాల ఫోన్లు అందులో పడతాయి. డబ్బాకు కెమెరా లేదు, ఖాతా లేదు కాబట్టి గోప్యత సమస్య మొత్తం ఫోన్‌లో వేసుకునే యాప్‌దే. మూడువందల అరవై డిగ్రీల వీడియో చూపించే ప్లేయర్ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే దాన్ని అక్కడికక్కడే తీసేయండి. వీడియో ఆడించడానికి ఆ రెండూ అక్కర్లేదు.

ఈ డబ్బాలతో వచ్చే అసలు తంటా వేరు. తల తిప్పితే దృశ్యం తిరగాలంటే ఫోన్‌లో గైరోస్కోప్, అంటే తిరగడాన్ని కొలిచే సెన్సరు ఉండాలి. చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు, లేదా ఇతర సెన్సర్ల లెక్కలతో నెట్టుకొచ్చే ‘వర్చువల్ గైరోస్కోప్’ ఉంటుంది. దాంతో దృశ్యం వణుకుతుంది, కాసేపటికి పక్కకు జారిపోతుంది. డబ్బా కొనకముందే ఫోన్ స్పెసిఫికేషన్లలో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. ఉన్నా సరే, ఈ పద్ధతికి తల తిరగడం ఒక్కటే తెలుస్తుంది. ఒక అడుగు ముందుకేసినా, కిందికి వంగినా దానికి తెలియదు. శరీరం కదిలింది, దృశ్యం కదల్లేదు, కాబట్టి కడుపులో తిప్పుతుంది. అప్పుడప్పుడూ వీడియోలు చూడటానికైతే సరే. ఆటలకు, వ్యాయామానికి, పిల్లల చదువుకు దీన్ని నమ్ముకోవద్దు.

కేబుల్ లేకుండా, కంప్యూటర్ లేకుండా సొంతంగా పనిచేసే హెడ్‌సెట్లలో అందుబాటు ధరది అనగానే దాదాపు అందరూ చెప్పేది ఫేస్‌బుక్ యజమాని మెటా అమ్మే క్వెస్ట్ 3ఎస్. 2024 అక్టోబరులో 128 జీబీ మోడల్ 299.99 డాలర్లకు విడుదలైంది. అప్పటి మారకం రేటులో పాతికవేల రూపాయలు. పన్నులు, దిగుమతి ఖర్చులు కలిశాక మన అంగట్లో అంతకన్నా ఎక్కువే పలుకుతుంది. 2023లో 499 డాలర్లకు వచ్చిన క్వెస్ట్ 3లో ఉన్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్‌ఆర్2 రెండో తరం చిప్పే ఇందులోనూ ఉంది. తగ్గించింది లెన్సుల్లో, తెరలో. 3ఎస్‌కు పాత పద్ధతి ఫ్రెనెల్ లెన్సులు, కంటికి 1832×1920 పిక్సెళ్లు. క్వెస్ట్ 3కి పల్చటి ప్యాన్‌కేక్ లెన్సులు, 2064×2208 పిక్సెళ్లు. సినిమాలు చూడటం, అక్షరాలు చదవడం ముఖ్యమైతే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆటలకైతే పది నిమిషాల్లో మరిచిపోతారు.

లెన్సుల మధ్య దూరం గురించి కూడా పట్టికల్లో రాయరు. రాయాలి. 3ఎస్‌లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు మెట్లే ఉన్నాయి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి రెండు కొసల మధ్య ఎక్కడైనా ఆపుకోవచ్చు. మీ కంటిపాపల మధ్య దూరం ఎంతో కళ్లజోళ్ల దుకాణంలో అడిగితే ‘పీడీ’ అని చెబుతారు. అద్దం ముందు స్కేలు పెట్టుకుని కూడా కొలుచుకోవచ్చు. అది 60 లేదా 65 అయి రెండు మెట్ల మధ్య పడితే చాలామంది సర్దుకుపోతారు. 55 కంటే తక్కువైతే మాత్రం 3ఎస్‌లో దృశ్యం మసకగా ఉంటుంది, కళ్లు లాగుతాయి. కళ్లజోడు పెట్టుకునేవారు తమ ఫ్రేము వెడల్పు హెడ్‌సెట్‌లో పడుతుందో లేదో పెట్టుకుని చూశాకే డబ్బు కట్టాలి. కళ్లజోడు అద్దం హెడ్‌సెట్ లెన్సుకు రాసుకుంటే రెండింటి మీదా గీతలు పడతాయి. ఆ గీతలు పోవు.

ఇంత మంచి చిప్పు ఇంత తక్కువకు ఎలా వస్తోంది? మెటాలో ఈ వ్యాపారం చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం 2024లో 1,770 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపించింది. ఆ నష్టాన్ని భరిస్తున్నది ప్రకటనల ఆదాయం. కుట్ర వెతకాల్సిన పని లేదు, లెక్క బహిరంగంగానే ఉంది. ఈ హెడ్‌సెట్ కంపెనీ ఖాతా లేకుండా తెరుచుకోదన్న సంగతిని ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి. 2020లో క్వెస్ట్ 2 వచ్చినప్పుడు ఏకంగా ఫేస్‌బుక్ ఖాతానే తప్పనిసరి చేశారు. జర్మనీలో అమ్మకాలు ఆగాయి, అక్కడి పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో విడిగా మెటా ఖాతా తెచ్చాక గాని ఆ ముడి వీడలేదు. ఇప్పుడు ఫేస్‌బుక్ అక్కర్లేదు, మెటా ఖాతా మాత్రం కావాలి. ఆ ఖాతా ఏ కారణంగానైనా ఆగిపోతే కొన్న ఆటలు కూడా దానితోపాటే ఆగిపోతాయి. ఇల్లు మీదే, తాళంచెవి మాత్రం బిల్డరు దగ్గర ఉన్నట్టు.

ఇక సెన్సర్లు. ‘కెమెరాకు టేపు అంటిస్తే సరి’ అనే సలహా ల్యాప్‌టాప్‌కు పనికొస్తుంది. వీఆర్‌లో గదిలో మీరెక్కడున్నారో, చేతి కంట్రోలర్లు ఎక్కడున్నాయో తెలుసుకునేది ఆ కెమెరాలతోనే. టేపు వేస్తే పరికరమే పనిచేయదు. పైగా అసలు ప్రశ్న బొమ్మలది కూడా కాదు. తల, రెండు చేతులు ఎక్కడ ఉన్నాయి, ఎటు తిరిగాయి అనే లెక్క సెకనుకు డెబ్బై, తొంభై సార్లు ఆటకు అందుతుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో బీట్ సేబర్ అనే వీఆర్ ఆట ఆడే 55,541 మంది కదలికల రికార్డులు తీసుకున్నారు. వంద సెకన్ల కదలిక ఇస్తే 94 శాతం సార్లు, పది సెకన్లే ఇచ్చినా 73 శాతం సార్లు ఆడుతున్నది ఎవరో గుర్తుపట్టగలిగారు. పేరు, ముఖం, గొంతు ఏమీ లేకుండానే. అంతకుముందు 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మందితో చేసిన అధ్యయనంలో ఐదు నిమిషాల లోపు డేటాతో 95 శాతం గుర్తింపు వచ్చింది. ఎత్తు, చేతుల పొడవు, కుడివాటమా ఎడమవాటమా, ఎంత త్వరగా స్పందిస్తారు, అన్నీ ఆ కదలికలోనే ఉన్నాయి.

దీన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. ఆ లెక్క ఇవ్వకపోతే ఆట నడవదు. ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడే ఆటల్లో మీ బొమ్మ అవతలివాళ్లకు కదులుతూ కనిపించాలి కాబట్టి, ఆ లెక్క సర్వరుకు వెళ్లాల్సిందే. మారుపేరు, కొత్త ఈమెయిల్ ఇక్కడ పెద్దగా కాపాడవు. గోప్యత మీద నిజంగా పట్టింపు ఉన్నవారికి పనికొచ్చే తేడా ఒంటరి ఆటకూ గుంపు ఆటకూ మధ్య ఉంది. డౌన్‌లోడ్ చేసుకుని నెట్ ఆపి ఆడగలిగే వ్యాయామం ఆటలు, పజిల్స్ చాలానే ఉన్నాయి. కొనేముందు ఆ ఆట నెట్ లేకుండా నడుస్తుందో లేదో చూసుకోండి.

కంటి చూపును వెంబడించే సెన్సరు ఉన్న మోడళ్లతో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఏ వస్తువు మీద చూపు ఎంతసేపు నిలిచింది అన్నది మీరు నొక్కిన బటన్ల కంటే ఎక్కువ చెబుతుంది. క్వెస్ట్ 3, 3ఎస్‌లలో అది లేదు. ఈ ఒక్క విషయంలో చవక మోడలే నయం. సెకండ్ హ్యాండ్‌లో ఊరించే ధరకు దొరికే క్వెస్ట్ ప్రోలో కంటి, ముఖ కదలికల సెన్సర్లు రెండూ ఉన్నాయి. అవి మీరు అనుమతిస్తేనే పనిచేస్తాయి, అయితే ఆ అనుమతి పొరపాటున ఇచ్చేయకుండా చూసుకోవాల్సింది మీరే. చూపు డేటాను యాప్‌లకు అందనివ్వకుండా పరికరంలోనే ఉంచడం సాధ్యమేనని యాపిల్ విజన్ ప్రో చూపించింది. దాని ధర 3,499 డాలర్లు, కాబట్టి ఈ ఉత్తరంలో దానికి ఇంతకన్నా చోటు లేదు.

మెటా వద్దనుకుంటే? పికో 4 పేరు వినిపిస్తుంది. వెనక బ్యాటరీ ఉండటం వల్ల బరువు బాగా సర్దుకుంటుంది, లెన్సులు బాగుంటాయి. కానీ దాని యజమాని టిక్‌టాక్ నడిపే బైట్‌డాన్స్. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్ ఒకటి. ఒక పెద్ద ఖాతా నుంచి పారిపోయి ఇంకో పెద్ద ఖాతాలో చేరడానికి ఇంత శ్రమ దేనికో అర్థం కాదు.

ఇంట్లో ఇప్పటికే గేమింగ్ కంప్యూటర్ ఉంటే లెక్క మారుతుంది. సోనీ ప్లేస్టేషన్ వీఆర్2 హెడ్‌సెట్‌ను 2024 ఆగస్టు నుంచి 59.99 డాలర్ల అడాప్టరుతో కంప్యూటర్‌కూ కలపొచ్చు. ఆటలు స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల స్టోరు ఖాతాలో ఉంటాయి. కంప్యూటర్‌కు కలిపినప్పుడు సోనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో కంటి ట్రాకింగ్ పనిచేయదు. సమీక్షకులు దాన్ని లోపంగా రాశారు, గోప్యత కోరుకునేవారికి అదే లాభం. అయితే కంప్యూటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ 1.4 అనే వీడియో సాకెట్ ఉండాలి, ఆ కేబుల్ విడిగా కొనాలి, బ్లూటూత్ కావాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది. హెచ్‌డీఎంఐని డిస్‌ప్లేపోర్ట్‌గా మార్చే చవక కన్వర్టరు కొని తలపట్టుకోవద్దు, దానితో నడవదు. కంప్యూటర్ కూడా కొత్తగా కొనాల్సి వస్తే ఇది చవక దారి కానే కాదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కొనేవారికి రెండు రకాల గండాలున్నాయి. ఒకటి, కాలం తీరిన సరుకు. క్వెస్ట్ మొదటి మోడల్‌కు భద్రతా అప్‌డేట్లు 2024లో ఆగిపోయాయి. క్వెస్ట్ 2 అమ్మకాలు 2024 చివర్లో ముగించారు, కొత్త ఆటలు కొన్ని దానికి రావడం లేదు. ఇక ఏసర్, హెచ్‌పీ, శాంసంగ్ పేర్లతో వచ్చిన ‘విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ’ హెడ్‌సెట్లయితే మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11 24హెచ్2 అనే అప్‌డేట్‌తో ఆ సౌకర్యాన్నే తీసేసింది. బొమ్మలాంటి హెచ్‌పీ రివర్బ్ జీ2 సగం ధరకు దొరికిందని తెచ్చుకుని, అప్‌డేట్ అయిన కంప్యూటర్‌కు తగిలిస్తే మైక్రోసాఫ్ట్ వైపు నుంచి దాన్ని నడిపే సాఫ్ట్‌వేరే ఉండదు. మెటా పాత హెడ్‌సెట్ ఆక్యులస్ గో మాత్రం మినహాయింపు. 2021లో దాని తాళం తీసేసిన సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టారు, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చు. పాతబడిన ప్రతి పరికరానికీ ఇలాగే చేయాలి.

రెండోది, చేతిలో పట్టుకుని చూస్తే తెలిసేది. హెడ్‌సెట్ లెన్సుల్లోంచి ఎండ పడితే భూతద్దం కింద కాగితం కాలినట్టే తెర కాలుతుంది. కిటికీ పక్కన, డాబా మీద, కారు డాష్‌బోర్డు మీద కొద్దిసేపు వదిలేసినా చాలు. దుకాణంలో బ్రౌజరు తెరిచి పూర్తి తెల్లటి పేజీ పెట్టి ఒక్కో కన్ను మూసి చూడండి. పసుపు, నల్ల చుక్కలు కనిపిస్తే వదిలేయండి, అది బాగుకాదు. కంట్రోలరు మీద బొటనవేలితో తిప్పే స్టిక్‌ను వదిలినా ఆటలో బొమ్మ తనంతట తాను నడుస్తుంటే ఆ స్టిక్ అరిగింది. మూడు మెట్లలోనూ లెన్సులు కదుపుతూ చూడండి. ముఖ్యంగా, అమ్మేవారి ఖాతాతో పనిచేస్తున్న పరికరాన్ని చూసి డబ్బు ఇవ్వొద్దు. పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద, మీ ఖాతాతో మొదటి నుంచి మొదలుపెట్టించాలి. మొదటి అప్‌డేట్ పెద్దది, డేటా చూసుకుని వెళ్లండి. అక్కడే ఆగిపోతే కారణం దుకాణదారుకే వదిలేసి రండి. విదేశం నుంచి తెచ్చిన సరుకుకు ఇక్కడ వారంటీ ఉందా, జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడగడానికి మొహమాటపడొద్దు.

కొన్నాక చేసుకోగలిగినవి ఇవి. దీనికోసమే ఒక కొత్త ఈమెయిల్ తెరవండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లతో కలపమని అడిగినప్పుడు దాటేయండి. ప్రొఫైల్ ఎవరికి కనిపించాలో అడిగే చోట అన్నిటికన్నా మూసి ఉండేది ఎంచుకోండి. పుట్టిన తేదీ మాత్రం తప్పు ఇవ్వొద్దు, వయసు నిర్ధారణ దగ్గర ఖాతా ఆగిపోవచ్చు. ఫోన్ యాప్‌కు కాంటాక్టులు నిరాకరించండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో హెడ్‌సెట్‌ను జతచేయడానికి లొకేషన్ అడుగుతుంది. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇచ్చి, జత కుదిరాక తీసేయండి. మాటలతో ఇచ్చే ఆదేశాలను భద్రపరచడం, అదనపు డేటా పంచుకోవడం, రికార్డు చేసిన వీడియోలు తమంతట తామే ఫోన్‌కో క్లౌడ్‌కో ఎక్కడం, ఈ మూడూ ఆపండి.

గది కొలతలు తీసుకునే అనుమతి మీద కూడా కన్నేసి ఉంచండి. గోడలు, సోఫా, బల్ల ఎక్కడున్నాయో తెలిపే ఆ కొలతలు బల్ల మీద బొమ్మలు నిలబెట్టే ఆటకు అవసరం, చీకటి తెర మీద సినిమా చూపించే యాప్‌కు అనవసరం. 2025 నుంచి క్వెస్ట్ 3, 3ఎస్‌లలో ముందు కెమెరాల దృశ్యాన్ని కూడా యాప్‌లు మీ అనుమతితో తీసుకోవచ్చు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు బల్ల మీద బ్యాంకు కాగితాలో ఆధార్ కార్డులో ఉన్నాయేమో ఒకసారి చూడండి.

రౌటరులో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి హెడ్‌సెట్‌ను దానికి కలిపితే ఇంట్లోని సీసీ కెమెరాలు, కంప్యూటర్లు దానికి కనబడవు. అయితే గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదానికొకటి కనిపించవు కాబట్టి, కంప్యూటర్ నుంచి వైర్‌లెస్‌గా ఆడటం, టీవీకి చూపించడం పనిచేయవు. ‘వైఫై బాగుంది, హెడ్‌సెట్ మాత్రం కంప్యూటర్‌ను వెతకలేకపోతోంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఆ అవసరం ఉంటే మామూలు నెట్‌వర్క్‌లోనే 5 గిగాహెర్ట్జ్ మీద ఉంచి, కంప్యూటర్‌ను తీగతో రౌటరుకు కలపండి. డేటా పంపే చిరునామాలను రౌటరులో అడ్డుకోమని ఇచ్చే సలహాలు ఆకర్షణీయంగా ఉంటాయి. వాటితోపాటు స్టోరు, భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోతే నష్టమే ఎక్కువ.

గోప్యతకు సంబంధం లేకపోయినా మన ఫ్లాట్ల కోసం ఒక మాట. గదిలో తిరుగుతూ ఆడే ఆటకు కనీసం ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు ఖాళీ కావాలి. హెడ్‌సెట్ గీసుకునే హద్దు నేల మీద, పక్కల మీద హెచ్చరిస్తుంది. నెత్తిన తిరిగే సీలింగ్ ఫ్యాను సంగతి దానికి పట్టదు. ఫ్యాను ఆపి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకోండి. గాలి ఒకే దిక్కు నుంచి తగిలితే కొందరికి కళ్లు తిరగడం కూడా తగ్గొచ్చు.

పిల్లల విషయంలో తొందరపాటు వద్దు. మెటా పదేళ్ల నుంచే తల్లిదండ్రుల పర్యవేక్షణలో ఖాతా ఇస్తోంది. సోనీ పన్నెండేళ్లలోపు వారికి వద్దంటోంది. చిన్న పిల్లల కంటిపాపల మధ్య దూరం ఈ లెన్సుల కనీస మెట్టుకు చాలా తక్కువ, ఆ కారణం ఒక్కటే చాలు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివారూ పిల్లలే. వారి డేటాకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి, వారిని వెంబడించి ప్రకటనలు చూపకూడదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. వీఆర్ ల్యాబ్ ఉందని ప్రచారం చేసుకునే నగరంలోని పాఠశాలలను తల్లిదండ్రులు ఇప్పుడే అడగొచ్చు: హెడ్‌సెట్లు ఎవరి ఖాతా మీద నడుస్తున్నాయి, పిల్లల పేర్లు అందులో ఎక్కిస్తున్నారా, సంవత్సరం చివర ఆ డేటాను ఎవరు తుడిచేస్తారు?

మీ పత్రికకు విన్నపం చిన్నదే. ఈసారి వేసే పట్టికలో రిజల్యూషన్ గడి పక్కన ‘ఏ ఖాతా తప్పనిసరి’, ‘కెమెరాలు, కంటి ట్రాకింగ్’, ‘భద్రతా అప్‌డేట్ల గడువు’ అని మూడు గడులు చేర్చండి. మూడో గడికి కంపెనీ జవాబు ఇవ్వకపోతే ‘చెప్పలేదు’ అని అచ్చు వేయండి. కౌంటరు దగ్గర ఏం అడగాలో పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్